పాప తింటుంటే చూడకండి

క్రెష్ మేడం డబ్బా మూత తీసి నా ముందు పెట్టింది. పొద్దున ఏడింటికి నేను ఎలా సర్దానో లోపలి సరుకు అలాగే ఉంది. నక్షత్రాల్లా కోసిన క్యారెట్ ముక్కలు, పాలకూర కలిపిన బుల్లి ఇడ్లీలు, ఓ మూల గింజ తీసిన రెండు ఖర్జూరాలు. ఒక్క నక్షత్రం కూడా కదల్లేదు.

"మేడం, మీ పాప రావట్టి మూడు వారాలైంది. డబ్బా ఎట్ల వస్తుందో అట్లనే పోతున్నది. పొద్దంత పిల్ల ఖాళీ కడుపుతోని ఉండి రేపు ఏమన్న అయితే జిమ్మేదారి మాది గదా. నెలాఖరు దాక చూస్తం. అప్పటికీ తినకపోతే మధ్యాహ్నం మీరే వచ్చి తినిపించుకోండి, లేదంటే ఇంట్లనే పెట్టుకోండి" అంది. కోపంగా అనుంటే నేనూ నాలుగు అనేదాన్ని. ఆవిడ నవ్వుతూ అంది. నేను డబ్బా మూత పెట్టుకుని బయటికొచ్చాను.

మధ్యాహ్నం నేనెలా వస్తాను? ఆ క్యాంపస్‌లోనే, క్రెష్‌కి అయిదు నిమిషాల నడకలో, కాంట్రాక్టు మీద స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్తాను. పిల్లలకు అన్నాలు పదకొండున్నరకి మొదలైతే నా క్లాసు పన్నెండింటికి మొదలు. మా పాప సంగతి తెలిసినవాళ్ళెవరైనా చెప్తారు, అరగంటలో దాని నోట్లోకి పోయేది మూడు మెతుకులు. పిల్ల పుట్టాక రెండేళ్ళకు పైగా ఇంట్లో కూర్చుని, అడగాల్సిన వాళ్ళందరినీ అడిగి, చచ్చీ చెడీ తిరిగి తెచ్చుకున్న ఉద్యోగం అది. క్లాసు వేళ మార్చమని అడిగితే మా హెడ్డుగారు "పర్లేదమ్మా, నువ్వు పాపని చూసుకో, ఆ క్లాసు ఇంకెవరికైనా ఇద్దాం" అంటారు. ఆయన "పర్లేదమ్మా" అంటే నాకు భయం. ఆ మాటతో ఇంటికి వెళ్ళిపోయిన ఇద్దరు ముగ్గురిని చూశాను మరి.

అది సోమవారం. నెలాఖరు ఆ పై వారం శుక్రవారం. పదకొండు రోజుల్లో రెండున్నరేళ్ళ మా పాప తనంతట తాను డబ్బా తెరుచుకుని తినాలి. లేకపోతే నేను ఇంట్లో కూర్చోవాలి.

ఇంట్లో అత్తమ్మ ఉంది కదా అంటారేమో. ఉంది. కానీ మాది తార్నాకలో లిఫ్టు లేని మూడో అంతస్తు, అత్తమ్మవి అరిగిపోయిన మోకాళ్ళు. ఆవిడ ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళేలోపు మా పాప మూడు గదులూ తిరిగి, బియ్యం డబ్బా బోర్లించి, మళ్ళీ బుద్ధిమంతురాలిలా వచ్చి కూర్చుంటుంది. దాన్ని రోజంతా ఆవిడ మీద వదలడం పాపం అన్నది మా ఆయనా, నేనూ ఒప్పుకున్న కొద్ది విషయాల్లో ఒకటి.

మా పాప తినే వస్తువులకు ఒకటే అర్హత: తెల్లగా ఉండాలి. తెల్లన్నం, పెరుగు, పాలు. బిస్కెట్టు ఇస్తే రెండుగా విడదీసి మధ్యలో ఉన్న తెల్ల క్రీము నాకి, మిగిలింది తడిగా నా చేతిలో పెడుతుంది. పప్పు పసుపు, కాబట్టి తినదు. ఆకుకూర పచ్చన, కాబట్టి ఏడుస్తుంది. పెరుగన్నంలో ఒక్క కరివేపాకు రెబ్బ కనబడిందా, ఇంట్లో పాము దూరినంత గోల.

మాది తెనాలి దగ్గర. అత్తగారిది జనగామ వైపు, వ్యవసాయం. ఈ రెండు ప్రాంతాల వంటలూ కలిసిన ఇంట్లో పిల్లకి తిండి నచ్చకపోవడమేమిటని మొదట్లో నవ్వుకునేదాన్ని. నేను గుగ్గిళ్ళు అంటే అత్తమ్మ గుడాలు అంటుంది. నేను రాగులంటే ఆవిడ తైదలంటుంది. ఏ పేరుతో పిలిచినా మా పాప దగ్గర వాటికి జరిగే మర్యాద ఒకటే, తూ అని బయటికి.

ఫోన్ చేస్తే మా అమ్మ, "నువ్వు చిన్నప్పుడు ఏం పెడితే అది తినేదానివే, నీ కూతురికి ఇదెక్కడి బుద్ధమ్మా" అని బుగ్గలు నొక్కుకునేది. నాకు గుర్తున్నంతలో ఆవిడ గిన్నె పట్టుకుని నా వెనకాల రెండు వీధులు తిరిగేది. ఆ మాటంటే "అది వేరేలే" అని ఫోన్ పెట్టేసేది.

నేను ఊరుకునే రకం కాదు. పైగా స్టాటిస్టిక్స్ చెప్పేదాన్ని. ఒక పొడుగు రిజిస్టరు కొన్నాను. అందులో గళ్ళు గీశాను: వేళ, వంటకం, పెట్టిన ముద్దలు, లోపలికి పోయినవి, తిరిగి వచ్చినవి. పాప తింటున్నంతసేపూ ఒళ్ళో రిజిస్టరు, చేతిలో పెన్ను, కళ్ళు దాని నోటి మీద. దవడ కదిలిందా, గుటక పడిందా, బుగ్గలో దాచిందా, అన్నీ రాసేదాన్ని. వారం వారం గ్రాఫు గీసి ఫ్రిజ్‌కి అంటించాను. మా ఆయన బ్యాంకు నుంచి వచ్చి దాన్ని తల ఇటూ అటూ వంచి చూసి, "ఇది పిల్లనా, ప్రాజెక్టా?" అన్నాడు. "మీరు పెట్టండి మరి, చూద్దాం" అన్నాను. ఆ పూట ఆయన పెట్టాడు. ఆ పూట గడిలో రాసిన అంకె సున్నా.

చెయ్యని ప్రయత్నం లేదు. బీట్‌రూట్ రసం కలిపి గులాబీ రంగు దోసె పోశాను. పాప దాన్ని చూసి మురిసిపోయింది, బుగ్గకు ఆనించుకుంది, తర్వాత అత్తమ్మ తెల్లచీర మీద పరిచి జోకొట్టింది. పాలకూరని మెత్తగా రుబ్బి పూరీ పిండిలో దాచాను. దాని నాలుక మీద చెకింగ్ ఆఫీసరు ఎవరో కూర్చుని ఉన్నారు, పట్టేశారు. రాగి జావలో ఖర్జూరం కలిపితే రెండు వేళ్ళు ముంచి హాల్లో గోడ మీద బొమ్మలు వేసింది. అవి ఇప్పటికీ ఉన్నాయి. క్యాంపస్ గేటు దగ్గర పొద్దున్నే నడకకు వచ్చేవాళ్ళకి జావ, మొలకలు అమ్మే బండి ఉంటుంది. అక్కడ పెద్దవాళ్ళు లొట్టలేసుకుంటూ తాగడం చూస్తే ఇదీ తాగుతుందేమోనని ఆరింటికే లేపి తీసుకెళ్ళాను. గ్లాసు నోటికి ఆనించేసరికి అటుగా నడుస్తున్న ఒక పెద్దాయన తెల్ల బూట్ల మీద ఊసింది. ఆయన మంచివాడు, "పిల్లలు అంతేనమ్మా" అన్నాడు. మర్నాటి నుంచి నన్ను చూస్తే అవతలి దారిన నడిచాడు.

కాస్తో కూస్తో పని చేసింది మెట్రో రైలు ఒక్కటే. సాయంత్రం గిన్నె పట్టుకుని, దాన్ని చంకనేసుకుని స్టేషన్‌కి ఇవతల, వంతెన మీద రైలు కనబడే చోట నిలబడేదాన్ని. రైలు రాగానే అది పైకి చూసి ఆశ్చర్యంగా నోరు తెరుస్తుంది. అదే అదను, ముద్ద లోపలికి తొయ్యాలి. రైలుకొక ముద్ద. పక్కన ఇస్త్రీ బండి ఆయన దూరం నుంచే రైలు శబ్దం పట్టేసి "మేడం, వస్తున్నది, తయారుగుండుండ్రి!" అని కేకేసేవాడు. ఒక్కోసారి ఇటు రైలూ అటు రైలూ ఒకేసారి వచ్చేవి. అప్పుడు మా ఇద్దరికీ పండగే. ఒక గిన్నెడు పప్పన్నం అవగొట్టడానికి గంటంబావు పట్టేది. ఇంటికొచ్చేసరికి నా చెయ్యి పడిపోయేది. అది నిద్రపోయాక, గట్టు దగ్గర నిలబడి, చల్లారిపోయిన అన్నం నాలుగు ముద్దలు మింగి నేనూ పడుకునేదాన్ని. రైలు క్రెష్‌లోకి రాదు కదా అన్న ఆలోచన ఒకటి లోపల పీకుతూనే ఉండేది.

అత్తమ్మ ఇదంతా చూసి చూసి, మంగళవారం పొద్దున నోరు విప్పింది. నేను ఎప్పట్లా రిజిస్టరు పట్టుకుని పాపకి ఎదురుగా మఠం వేసుకుని కూర్చున్నాను.

"బిడ్డా, నేనొక మాట అంట, ఏమనుకోకు. పొల్ల తినేటప్పుడు గట్ల గుడ్లప్పగించి సూడద్దు. దిష్టి తాకుతది. అందరి దిష్టి ఒకెత్తు, తల్లి దిష్టి ఒకెత్తు."

నాకు ముక్కు మీదే కోపం. "అత్తమ్మా, నేను చదువుకున్నదాన్ని. కన్నతల్లి చూస్తే పిల్లకి ఆకలి చచ్చిపోతుందా? ఎక్కడైనా ఉందా ఈ చోద్యం?" అన్నాను.

"సదువుకున్నోళ్ళ కండ్లు గూడ కండ్లే గదా" అని, ఆవిడ ఉప్పూ ఎండుమిరపకాయలూ పిడికిట పట్టుకొచ్చి పాప చుట్టూ మూడుసార్లు తిప్పి, స్టవ్ మీద పెనంలో పడేసింది. కాసేపటికి నేనూ, మా ఆయనా, పక్క ఫ్లాటువాళ్ళూ దగ్గి దగ్గి చచ్చాం. పాప మాత్రం మేం దగ్గుతుంటే పడీ పడీ నవ్వింది. నేను రిజిస్టరులో "మిరపకాయలు: ప్రభావం శూన్యం" అని కసిగా రాసుకున్నాను. ఆ తర్వాత రెండ్రోజులు మేమిద్దరం అవసరమైన మాటలే మాట్లాడుకున్నాం.

క్రెష్‌లో మాత్రం నేను చెయ్యగలిగింది చేస్తూనే ఉన్నాను. రోజూ పదకొండున్నరకి డిపార్ట్‌మెంట్ నుంచి గబగబా నడిచి వచ్చి, వెనకవైపు కిటికీ దగ్గర గన్నేరు పొదలో నిలబడి లోపలికి చూసేదాన్ని. పిల్లలంతా చాప మీద వరసగా కూర్చునేవాళ్ళు. ఎవరి డబ్బా వాళ్ళ ముందు. మా పాప డబ్బా తెరిచి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బొమ్మలా కూర్చునేది. నేను కిటికీ ఊచల్లోంచి నోరు కదిపి "తిను, తిను నాన్నా" అని సైగ చేసేదాన్ని. అది నా వైపు చూస్తూనే ఉండేది, తినేది కాదు. పన్నెండుకి అయిదు నిమిషాలుందనగా కళ్ళు తుడుచుకుని క్లాసుకి పరిగెత్తేదాన్ని.

వారం అలా గడిచి శనివారం వచ్చింది. శనివారాలు క్రెష్ ఉండదు. మా ఆయన అత్తమ్మని మోకాళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. నాకు డిపార్ట్‌మెంట్‌లో ఇంటర్నల్ పరీక్షల పేపర్లు తెచ్చుకునే పని ఉండి, పాపని వెంటబెట్టుకుని క్యాంపస్‌కి వెళ్ళాను. వరండాలో పేపర్ల కట్టలు లెక్కపెట్టుకుంటున్నాను. పాప నా కాళ్ళ దగ్గర రాళ్ళు ఏరుకుంటోంది. ఒక కట్ట తక్కువొచ్చింది. మళ్ళీ లెక్కపెట్టి తలెత్తేసరికి రాళ్ళున్నాయి, పాప లేదు.

 పేపర్లు అక్కడే పడేసి, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగాను. రోడ్డు మీదకి చూశాను, లేదు. స్కూటర్ల మధ్య చూశాను, లేదు. భవనం వెనక్కి పరిగెత్తితే, వేపచెట్టు కింద, తోటపని చేసే ఆడవాళ్ళు అయిదుగురు గుండ్రంగా కూర్చుని అన్నాలు తింటున్నారు. ఆ గుండ్రంలో ఆరో మనిషి మా పాప.

అంబర్‌పేట నుంచీ, మల్కాజ్‌గిరి నుంచీ పొద్దున్నే వచ్చి మొక్కలకి నీళ్ళు పట్టే ఆడవాళ్ళు వాళ్ళు. మధ్యాహ్నం డబ్బాలు తెరిచి ఎవరి కూర వాళ్ళు తినరు. అన్నీ మధ్యలో పెట్టుకుని ఒకరి కూర ఒకరు వేసుకుంటారు. మధ్యలో ఒక మూత మీద జొన్నరొట్టె తుంపి ఉంది. ఒక గిన్నెలో తోటకూర, ఇంకో గిన్నెలో బొబ్బెర గుడాలు, అంటే మా అలసంద గుగ్గిళ్ళు. మా పాప ఎడమ చేత్తో రొట్టె ముక్క పట్టుకుని, కుడి చేత్తో గుడాలు ఒక్కొక్కటే ఏరి నోట్లో వేసుకుంటోంది. మూతి చుట్టూ పచ్చగా తోటకూర.

తోటకూర! నేను చెట్టు పట్టుకుని నిలబడిపోయాను. నాకు మొదట వచ్చిన ఆలోచన చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ చెప్తాను. "అయ్యో, ఎంగిలి!" అనుకున్నాను. మా అమ్మ పెంపకం అది. ఒకరు కొరికింది ఇంకొకరు ముట్టుకుంటే స్నానం చేయించే ఇల్లు మాది. మట్టి చేతులు, అందరూ చెయ్యి పెట్టే గిన్నె. రెండో ఆలోచన, "తింటోంది, దేవుడా, తింటోంది" అని.

ఆ అయిదుగురిలో ఒక్కళ్ళు కూడా దాని వంక చూడట్లేదు. నడివయసావిడ ఒకరు తన కోడలు కొన్న వాషింగ్ మిషన్ సంగతి చెప్తోంది. మిగతావాళ్ళు వింటూ నవ్వుతూ తింటున్నారు. పాప గుడాలు అయిపోగొడితే ఒకావిడ మాట ఆపకుండానే, తల తిప్పకుండానే గిన్నె అటు జరిపింది. నన్ను ఓరకంట చూసిన ఒకావిడ, నా వైపు తిరక్కుండా, మెల్లగా అంది. "పాప మీదేనా మేడం? ఆడనే ఉండుండ్రి. తింటున్నది. సూడకుండ్రి."

బుద్ధి ఉన్నదాన్నయితే అక్కడే ఉండేదాన్ని. కానీ నేను నేనే కదా. ఈ వింత మా ఆయనకి చూపించకపోతే ఎలా నమ్ముతాడు? ఫోన్ తీశాను. వీడియో పెట్టాను. అడుగులో అడుగు వేసుకుంటూ చెట్టు చాటు నుంచి బయటికొచ్చి, మూతి బాగా కనబడేలా వంగి, ఆనందం ఆపుకోలేక "తిన్నావా నా బంగారు తల్లీ! తోటకూర తిన్నావా!" అని అరిచాను.

పాప నా వంక చూసింది. దవడ ఆగింది. నోరు సున్నాలా తెరిచి, లోపలున్నదంతా మూత మీద పెట్టేసి, నా మీదికి రెండు చేతులూ చాచి ఏడుపు అందుకుంది.

"సూస్తిరా? జెప్పిన గద మేడం, సూడకుండ్రి అని" అంది ఆవిడ. మిగతా నలుగురూ నవ్వు ఆపుకోలేక కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

ఆ వీడియో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. పదకొండు సెకన్లు. మొదటి ఏడు సెకన్లు ఒక పిల్ల హాయిగా అన్నం తింటుంది. తర్వాత నా గొంతు వస్తుంది.

ఏడ్చే పిల్లని భుజాన వేసుకుని ఇంటికి నడుస్తుంటే నాకు కిటికీ గుర్తొచ్చింది. గన్నేరు పొద గుర్తొచ్చింది. నాలుగు వారాలుగా రోజూ ఆ ఊచల్లోంచి నేను చూస్తుంటే, ఆ పిల్ల చేతులు ఒళ్ళో పెట్టుకుని నన్ను చూస్తోంది. అమ్మ వచ్చింది కదా, లోపలికి వస్తుంది కదా, ఎత్తుకుంటుంది కదా అని కనిపెట్టుకుని కూర్చుంది. ఆ వేళ ఇంకో సంగతి కూడా తట్టింది. పుట్టినప్పటి నుంచి ఆ పిల్ల నేను అన్నం తినడం చూడనేలేదు. మా ఇళ్ళల్లో అంతే కదా, ముందు పిల్లకి పెట్టేసి, అది పడుకున్నాక పెద్దవాళ్ళు తినడం. దాని లెక్కలో అన్నం అంటే అందరూ చుట్టూ చేరి దాన్నొక్కదాన్నే పెట్టే హింస. నడిచేదారంతా నన్ను నేను తిట్టుకున్నాను.

తిట్టుకోవడం తేలికే. అత్తమ్మకి చెప్పడం కష్టం. సాయంత్రం ఆవిడ మంచం మీద కాళ్ళు చాపుకుని చిక్కుడుకాయలు వలుస్తోంది. నేనూ పక్కన కూర్చుని రెండు కాయలు వలిచి, గొంతు సవరించుకుని, జరిగింది చెప్పాను. "దిష్టి సంగతి నాకు తెలీదు అత్తమ్మా. కానీ నేను చూస్తే అది తినట్లేదు. మీరు చెప్పింది నిజమే" అన్నాను. ఆ మాట పలకడానికి నాకు ఎంత కష్టమైందో ఆవిడకి తెలుసు.

దెప్పుతుందనుకున్నాను. దెప్పలేదు. "నీ మొగడు గింతున్నప్పుడు గిట్లనే ఉండె. నేనొక్కదాన్నే పెడ్తే నోరు కుట్టేసుకునేటోడు. పొలంకాడ నాట్లేసే ఆడోళ్ళ నడుమ కూసోబెట్టి ఇడిసిపెడ్తే ఎవ్వరు సూడకుండనే జొన్న గటక మొత్తం ఊడ్చిండు" అంది. "మరి నాకు ముందే చెప్పొచ్చు కదా" అన్నాను. "సెప్పనిస్తివా?" అంది. అదీ నిజమే.

ఆదివారం నుంచి ఇంటి పెత్తనం ఆవిడది. ఫ్రిజ్ మీది గ్రాఫులు పీకించింది. రిజిస్టరు తీసి బీరువా పైన పెట్టించింది. రోజూ రాత్రి ఏడున్నరకి అందరం హాల్లో నేల మీద కూర్చుని, ఆవిడ ఒక్కర్తే స్టూలు మీద, ఒకేసారి తినాలి. పాపకి కూడా ఒక కంచం. మనం తినే కూరలే దానికీ, కారం వెయ్యకముందు తీసి పెట్టినవి. ఎవరూ పెట్టకూడదు, బతిమాలకూడదు, మెచ్చుకోకూడదు, ముఖ్యంగా చూడకూడదు.

మొదటిరోజు ఆ హాలు చూస్తే ఎవరైనా ఈ ఇంట్లో గొడవ జరిగిందనుకుంటారు. మా ఆయన గోడ మీది క్యాలెండరులో తిథులు చదువుతూ తిన్నాడు. అత్తమ్మ ఫ్యాను చూస్తూ తింది. నన్ను టీవీ వైపు తిప్పి కూర్చోబెట్టారు. టీవీ ఆపేసి ఉంది. నల్లటి అద్దంలో మా పాప చక్కగా కనబడుతోంది. బెండకాయ ముక్క తీసి వాసన చూస్తోంది. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. అంతలో అత్తమ్మ, ఫ్యాను మీంచి చూపు తిప్పకుండానే, "టీవీల సూస్తున్నవ్ గదా! లే, గోడ దిక్కు తిరిగి కూసో" అంది. దొంగ దొరికిపోయింది. లేచి గోడ వైపు తిరిగాను. ఆ గోడ మీద రాగి జావ బొమ్మలున్నాయి. వాటిని చూస్తూ అన్నం కలిపాను. వేడిగా ఉంది. రెండున్నరేళ్ళ తర్వాత వేడన్నం, నెయ్యి వేసుకుని, కూర్చుని తింటున్నాను. నాకు ఏడుపొచ్చింది, అంత బాగుంది.

ఆరోజు పాప బెండకాయని వాసన చూసి వదిలేసింది. సోమవారం నాకి వదిలేసింది. మంగళవారం నా వెనక కరకరమని శబ్దం వచ్చింది. మా ఆయన క్యాలెండరు వంకే చూస్తూ, పెదాలు కదపకుండా, "కీర" అన్నాడు. "సప్పుడు జెయ్యకుర్రి" అంది అత్తమ్మ. బుధవారం అది లేచి వచ్చి నా కంచంలో చెయ్యి పెట్టి, నేను సగం కొరికిన క్యారెట్ ముక్క తీసుకుని వెళ్ళిపోయింది. ఎంగిలి. నేను గోడ చూస్తూ ఊరుకున్నాను.

క్రెష్‌లో సోమవారమే పిల్లల్ని చూసుకునే ఆయమ్మని పక్కకి పిలిచి కిటికీ సంగతి అడిగాను. ఆవిడ నసిగింది. "పాప రెండు సార్లు ముక్క నోటి దాక తెచ్చింది మేడం. మీరు కిటికీకాడికి రాంగనే కింద పెట్టింది. మీరు పెద్దోళ్ళు, నేనెట్ల జెప్తా?" అంది. నేను గోడకి తల కొట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఆ రోజు నుంచి పొద వైపు వెళ్ళలేదు. వెళ్ళకుండా ఉండటానికి స్టాఫ్ రూములో కుర్చీ పట్టుకుని కూర్చునేదాన్ని. అయినా డబ్బా సోమవారం నిండుగానే వచ్చింది. మంగళవారం కాస్త కెలికి ఉంది. బుధవారం, గురువారం సగం సగం. సగం చాలదని క్రెష్ మేడం మొహం చెప్తూనే ఉంది.

శుక్రవారం డబ్బాలో నక్షత్రాలూ, గులాబీ రంగులూ ఏమీ పెట్టలేదు. చిన్న జొన్నరొట్టె ముక్కలు, బొబ్బెర గుడాలు, నాలుగు కీర ముక్కలు. అవే నా డబ్బాలోనూ పెట్టుకున్నాను. పదకొండున్నరకి స్టాఫ్ రూములో డబ్బా తెరిచి, అక్కడ అదీ ఇదే తింటోందా, లేక ఒళ్ళో చేతులు పెట్టుకుని కిటికీ వైపు చూస్తోందా అనుకుంటూ నమిలాను. రుచి తెలియలేదు. పన్నెండింటి క్లాసులో బోర్డు మీద ఒకే లెక్క రెండుసార్లు చేశాను, రెండుసార్లూ వేర్వేరు జవాబులు వచ్చాయి. పిల్లలు ఏమీ అనలేదు, రెండూ రాసుకున్నారు.

నాలుగింటికి క్రెష్‌కి వెళ్ళాను. మేడం డబ్బా నా చేతికిచ్చింది. తేలిగ్గా ఉంది. ఊపాను, చప్పుడు లేదు.

"మొత్తం తిన్నది మేడం. తిని, పక్క పిల్లగాని డబ్బాల గూడ చెయ్యి పెట్టింది. ఆని తల్లికి నేను జవాబు జెప్పుకోవాలె ఇప్పుడు" అని నవ్వింది. "మధ్యాహ్నం మీరేం రానక్కరలేదు. మీ క్లాసులు మీరు చెప్పుకోండి."

గుమ్మం దగ్గర చతికిలబడి కూర్చుండిపోయాను. పాప పరిగెత్తుకుంటూ వచ్చింది. కుడి చెయ్యి గట్టిగా పిడికిలి బిగించి ఉంది. ఆయమ్మ వెనక నుంచి, "మధ్యాహ్నం నుంచి ఆ ముఠీ ఇప్పలేదు మేడం, పడుకున్నప్పుడు గూడ. అమ్మకట" అంది.

పాప నా అరచెయ్యి చాపించి పిడికిలి విప్పింది. మూడు బొబ్బెర గుడాలు. నలిగిపోయి, చెమటకి తడిసి, ఒకదాని మీద చిన్న పంటి గాటుతో ఉన్నాయి. అవి నా చేతిలో పెట్టి, "అమ్మా, తిను" అంది. నేను దాని మొహంలోకి చూస్తూ ఉండిపోయాను. అది ఒక్క క్షణం ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు, గబగబా గోడ వైపు తిరిగి నిలబడింది. అచ్చం వాళ్ళ నాయనమ్మ గొంతుతో, "నేను సూడ. తిను" అంది.

కళ్ళనీళ్ళు కారిపోతుంటే తుడుచుకోకుండానే మూడూ నోట్లో వేసుకున్నాను. నేను మింగి, "అయిపోయింది" అనే దాకా అది ఇటు తిరగలేదు.